పోచయ్య పంతులు చెప్పని జవాబు

మా వాగు దాటాక ఒక దిగుడు బావి, దాని మీదికి ఒరిగిన తుమ్మచెట్టు ఉన్నాయి. ఆ చెట్టు నిండా గిజిగాళ్లే. వాటికొక బడి, ఆ బడికి పోచయ్య అనే ముసలి పంతులు. గడ్డిపోచ చీల్చు, కొమ్మకు చుట్టు, ముడి వెయ్యి, లాగి చూడు, ఊడితే మళ్లీ వెయ్యి. పదేళ్లుగా ఇదే పాఠం. చెప్పీ చెప్పీ ఆయనకు విసుగు, వినీ వినీ పిల్లలకు విసుగు.

ఆ ఏడే గూడు కట్టాల్సిన కొమరయ్య అనే కుర్రాడు ఒకరోజు అడిగాడు.

"సారూ, గూళ్లన్నీ బావి మీదే ఎందుకు కట్టాలి? నేల వైపు కొమ్మయితే గడ్డికి దగ్గర కదా."

"మా తాత కట్టాడు, మా నాన్న కట్టాడు, నువ్వూ కట్టు. ముందా ముడి లాగి చూడు," అన్నాడు పోచయ్య. పాపం, ఆ పొద్దుటికి ఆయన సరిచేసిన నలభయ్యో ముడి అది.

ఈ మాట పొదలో ఉన్న నక్క చెవిన పడింది. ఏళ్ల తరబడి ఆ చెట్టు చుట్టూ తిరిగినా ఒక్క గుడ్డూ దానికి దక్కలేదు. గూడు ఊడినా బావిలోనే పడేది మరి. మర్నాడు కొమరయ్య తల్లి గౌరమ్మ గింజలకు నేల మీద వాలగానే పలకరించింది.

"గౌరమ్మక్కా, నీ కొడుకు పంతుల్నే నిలదీశాడట. ఏం తెలివి."

"ఆయన అంతే తమ్ముడూ. ముడులు తప్ప ఇంకోటి చెప్పడు."

"ఆలోచించేవాళ్లకు ముడులెందుకక్కా? కోకిల పిల్లల్ని చూడు. ఒక్క ముడీ రాదు, ఎంత దర్జాగా బతుకుతున్నాయో."

కోకిల ఎవరి గూట్లో గుడ్డు పెడుతుందో గౌరమ్మకు తెలియక కాదు. కొడుకును మెచ్చుకుంటుంటే ఏ తల్లికి అవన్నీ గుర్తొస్తాయి.

సాయంత్రానికి తల్లులంతా పోచయ్య మీదికొచ్చారు.

"ముడులు చాలు పంతులూ. పిల్లల చేత ఆలోచింపజెయ్యి."

"ముక్కుకు ముడి అలవాటైతే బుర్రకు తీరిక దొరుకుతుందమ్మా. అప్పుడు వాళ్లే ఆలోచిస్తారు."

"పదేళ్లుగా ఆ తీరిక దొరకనే లేదు కదా," అంది గౌరమ్మ.

నిజమే. పోచయ్య మీ ఇష్టమని రెక్కలు ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ నెలంతా బడిలో చర్చలే. గూడంటే ఏమిటి, గాలి ఎటు, నీడ ఎటు. బావిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, నేల వైపు కొమ్మే మేలని తేల్చారు. కొమరయ్య అక్కడే కట్టాడు, ముడులు వచ్చినట్టు వేశాడు. ఆ గూడు చూసి జతకట్టిన కొత్త కోడలు మూడు గుడ్లు పెడితే గౌరమ్మ మురిసిపోయింది.

వారం తిరక్కుండానే గాలివాన వచ్చింది. గూడు ఊడి నక్క ముందు పడింది. గౌరమ్మ మొత్తుకుంటూనే ఉంది, నక్క మూడు గుడ్లూ తిని మూతి నాక్కుంటూ పోయింది.

"పడమటి గాలమ్మా. కొమ్మ ఊగింది, ముడి జారింది. ఎందుకు పడిందో నాకు తెలుసు," అన్నాడు కొమరయ్య.

"పడకుండా కట్టడం తెలుసా?" అంది గౌరమ్మ.

ఆమె పంతులు వైపు తిరిగింది. "బావి మీదే ఎందుకు కట్టాలో నీకు తెలుసా?"

"తెలుసు. కింద నీళ్లుంటే నక్క చేరదు."

"ఆ ఒక్క మాట ఆరోజే వాడితో అనుంటే?"

"అనాల్సింది. ఓపిక లేకపోయిందమ్మా," అన్నాడు పోచయ్య.

ముడి నేర్పకపోయినా, ఎందుకో చెప్పకపోయినా, కడుపు నిండేది చెట్టు కింద కాచుకున్నవాడికే.