ఓబుళమ్మ దవడ, వేపాకు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఓబుళమ్మ. నొప్పిపడిన దవడ ఆమెది. కాబట్టి ఆమె చెప్పిందే లెక్క.

అత్త అరిగిన తిరగలి రాళ్ళకు సుత్తితో గంట్లు కొట్టేది. నలభై ఏడో ఏట ముట్లు ఆగాయి. ఆ ఏడే చెవి ముందర దవడ కీలు దగ్గర నమిలినప్పుడల్లా టకటక శబ్దం మొదలైంది. తర్వాత నొప్పి. ఆఖరికి నోట్లో రెండు వేళ్ళు దూరేవి కాదు. రొట్టె మాని అంబలి తాగేది. అంబలితో సుత్తి ఎన్నాళ్ళు లేస్తుంది?

కొండకింద దర్గాలో బుడన్ షా అనే ఫకీరు వైద్యం చేసేవాడు. ఆయన శిష్యుడు ఖలీలు. చంకలో ఎప్పుడూ వైద్యం పుస్తకం. అత్తను ముందు చూసింది అతనే.

"ముట్లు ఆగినాక ఇంతేనక్కా. ఒంట్లో జిగి తగ్గుతుంది, కీళ్ళు అరుగుతాయి. సుత్తి మానుకో."

"మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. చెనక్కాయలు పటపటా కొరుకుతాంది. ఆమెకు ఆగలేదా ముట్లు? నీ పుస్తకం ఆమెను చూడలేదేమో!"

ఖలీలు ముఖం ఎర్రబడింది. గురువు దగ్గరికి పోయాడు.

"హజ్రత్, ఇది వయసు వల్లనా, సుత్తి వల్లనా? వయసైతే ఆమె అక్కకెందుకు లేదు? సుత్తి అయితే ముప్పై ఏళ్ళుగా ఎందుకు రాలేదు?"

"జొన్నలు విసురు" అన్నాడు షా.

ఖలీలు తిరగలి ముందు కూర్చుని విసిరాడు. రాయి రాయిని గీకింది. పిండిలో ఇసుక పడింది. షా పైరాయి ఎత్తించాడు. నడి మేకు చుట్టూ ఉండే తోలు బిళ్ళ ఎండి, అంచులు చిరిగి ఉంది.

"ఇది ఎప్పటి నుంచి ఎండింది?"

"ఈ ఎండాకాలం నుంచి."

"నీ చెయ్యి?"

"ఎప్పటిలాగే అదిమి విసిరాను."

"మరి రాయిని అరగదీసింది ఏది?"

ఖలీలు తోలును చూశాడు, తన చేతిని చూశాడు. "కొత్త తోలు వేస్తాను హజ్రత్."

"వెయ్యి. వేసినాక ఆమె దవడలో కూడా ఒకటి వేసి రా."

ఖలీలు తల దించుకున్నాడు. షా పైరాయి దించి, అదే ఎండిన తోలు మీద, అదమకుండా నిదానంగా తిప్పాడు. గీకుడు తగ్గింది.

అప్పుడు అత్తను పిలిచాడు. ఒక వేపాకు ఇచ్చాడు.

"దీన్ని దవడ పళ్ళ మధ్య పెట్టుకుని ఈ రాతికి గంటు కొట్టు తల్లీ."

అత్త ఒక్క దెబ్బ కొట్టింది. వెంటనే తూ అని ఉమ్మింది. "విషం సామీ! చేదు!"

"సుత్తి చేతిలో ఉంది కదా. దవడ ఎందుకు కొడుతోంది?"

అత్త దవడ తడుముకుంది. ముప్పై ఏళ్ళుగా ప్రతి దెబ్బకూ పళ్ళు బిగిస్తున్న సంగతి ఆమెకే తెలియదు.

మొదటిరోజు పదకొండు ఆకులు నలిగాయి. రెండు నెలలకు, పొద్దున పెట్టిన ఆకు సాయంత్రం దాకా చిట్లకుండా వచ్చింది. టకటక మాత్రం పోలేదు, ఆమె పోయేదాకా ఉంది. నొప్పి తగ్గింది. సజ్జరొట్టె తినింది. ఇంకో పద్నాలుగేళ్ళు గంట్లు కొట్టింది. ఖలీలు మళ్ళీ ఎవరితోనూ "ఇంతే" అనలేదట.

ఇప్పుడు దర్గా ఉరుసులో మైకు పట్టినవాళ్ళు షా తాయెత్తు కట్టాడనీ, ఎవరో ముసలామెకు నయమైందనీ చెబుతున్నారు. దర్గా గోడ మీద కూడా అదే రాశారు. రెండుసార్లు పోయి చెప్పాను. కూర్చోమని కూడా అనలేదు. నేను మరిచిపోలేదు.

నా రాత అంతంతమాత్రం. చక్కగా రాయగలవాళ్ళు ఎవరైనా ఆ గోడ దిద్దండి. ఆమె ముసలామె కాదు, నలభై ఏడేళ్ళది. పేరు ఓబుళమ్మ. తాయెత్తు కాదు, ఆకు. ఇచ్చింది ఆయన. కొరక్కుండా మోసింది ఆమె.