నీళ్ళబండి నూకయ్య అరుగు

అనగనగా అనగానే ఊఁ కొట్టాలి. కొట్టారా? అయితే వినండి.

అనగనగా తాటాకులపురం అని ఒక చిన్న పట్నం. పేరుకు తగ్గట్టే అక్కడ ఇళ్ళన్నీ తాటాకు ఇళ్ళే. ఉన్నది ఒకటే పొడుగాటి వీధి. తాతల కాలంలో ఆ వీధిలో రెండు బండ్లు పక్కపక్కన వెళ్ళేవట. తరవాత ఒకాయన తన ఇంటి అరుగును జానెడు ముందుకు జరిపాడు. అది చూసి ఎదురింటాయన మూరెడు జరిపాడు. పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? అలా అరుగులు పెరిగాయి, వీధి తరిగింది. ఎవరికీ బెంగ లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే హాయిగా ఉండేది మరి.

బెంగపడేవాడు ఒక్కడే, నీళ్ళబండి నూకయ్య. ఏటి నుంచి బానలతో నీళ్ళు తెచ్చి, వీధి మొదట్లో ఉన్న తన ఇంటి ముందు బండి ఆపి, అక్కడి నుంచి కావడితో ఇంటింటికీ మోసేవాడు. ఎండలు ముదిరితే చాలు, అతని గుండెలో దడ మొదలయ్యేది. ఎండిన తాటాకు చూస్తే దడ. పొయ్యిలోంచి నిప్పురవ్వ లేస్తే దడ. పడమటి గాలి వీస్తే మరీ దడ.

ఆ ఏడు వైశాఖంలో రాజుగారు చాటింపు వేయించారు. "తాటాకులపురానికి ఒక పురపెద్ద కావాలి. నిలబడినవారు మూడు రోజులు చావడిలో తమ మాట చెప్పుకోవాలి. నాలుగో నాటి ఉదయం వారి పేరున కుండలు పెట్టండి. ఇంటికొక చింతపిక్క. ఎవరి కుండలో ఎక్కువ పడితే వారే పెద్ద."

ఇప్పుడు మనం మేయరు అంటామే, అలాంటి పదవి అన్నమాట.

ముగ్గురు నిలబడ్డారు. ఒకరు జవుళి వర్తకుడు వల్లభయ్య. ఇంకొకరు కోటలో సేనాపతిగా కొలువు చేసి వచ్చిన దళవాయి వీరప్ప. మూడోవాడు నూకయ్య. "నీకెందుకయ్యా ఈ పెద్దరికం?" అని అడిగితే, "భయమేసి నిలబడ్డాను" అన్నాడు. ఊరంతా నవ్వింది.

మొదటి రోజు వల్లభయ్య లేచి, "వీధి మొదట్లో ఏనుగంత ఎత్తున స్వాగత ద్వారం కట్టిస్తాను" అన్నాడు. వీరప్ప లేచి, "ఏటా పది రోజులు తిరునాళ్ళు జరిపిస్తాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నూకయ్య లేచాడు. అతను చెప్పాలనుకున్నది ఒక్కటే. అరుగులు వెనక్కి జరగాలి. కాని ఎదురుగా కూర్చున్న వాళ్ళందరికీ అరుగులున్నాయి. "నీళ్ళు సరిగ్గా తెస్తాను" అని కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే ఊరి చివర ఒక గడ్డివాము అంటుకుంది. అది వీధికి బయట కాబట్టి బండి వెళ్ళింది, మంట ఆరింది. అందరూ మళ్ళీ అరుగులెక్కారు. నూకయ్య మాత్రం ఖాళీ బానలు మళ్ళీ నింపడానికి ఏటికి బండి తోలాడు.

"రేపు చెప్పేస్తాను" అన్నాడు భార్య పైడమ్మతో.

"చెబితే ఒక్క పిక్కైనా పడుతుందా? ముందు గెలువు. గెలిచాక చెబుదువుగాని" అంది పైడమ్మ. అదీ నిజమే అనిపించింది నూకయ్యకు.

రెండో రోజు వల్లభయ్య ద్వారం రెండేనుగుల ఎత్తుకు పెరిగింది. వీరప్ప తిరునాళ్ళు నెల రోజులయ్యాయి. నూకయ్య, "రేపు చెబుతాను" అని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం వీధి నడుమ గవరమ్మ అనే ముసలామె ఆవుపాక అంటుకుంది. నూకయ్య బండి తోలుకొచ్చాడు. వీధిలోకి తిప్పాడో లేదో, చక్రం ఒక అరుగుకు తగిలి ఇరుక్కుపోయింది. ఎద్దులు లాగాయి, జనం తోశారు, బండి కదల్లేదు. బిందెలతో పరిగెత్తేసరికి పాక బూడిదైంది. ఎవరో తాడు కోసి ఆవును తప్పించారు. గాలి లేదు గనుక పక్క ఇళ్ళు బతికాయి.

నూకయ్య వంగి చక్రం వైపు చూశాడు. ఇరుక్కున్నది అతని అరుగుకే. కూతురు పుట్టిన ఏడు, ఉయ్యాల కట్టడానికని రెండు మూరలు ముందుకు కట్టించుకున్న అరుగు. వీధిలో అన్నిటికన్నా పెద్దది అదే. రోజూ దాని ముందే బండి ఆపేవాడు గనుక, ఇన్నేళ్ళూ అది అతని కంటికి ఆనలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మూడో రోజు చావడిలో నూకయ్య అందరికన్నా ముందు లేచాడు.

"నేను పెద్దనైతే మీకేమీ ఇవ్వను, మీ దగ్గరే తీసుకుంటాను. ప్రతి అరుగూ బండి పట్టేంత వెనక్కి జరగాలి. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది. మీరు కోప్పడతారని భయపడ్డాను. నిన్న గవరమ్మ పాక కాలింది నా అరుగు అడ్డం వల్లే."

చావడిలో అరుపులు లేచాయి.

"మా తాత కూర్చున్న అరుగు. చెయ్యి వేస్తే ఊరుకోం" అన్నారు కొందరు.

"ముందు నీది తీయవయ్యా" అన్నాడు వల్లభయ్య.

"ఆ పనికే వెళ్తున్నాను" అన్నాడు నూకయ్య.

అతను గునపం పట్టుకు వచ్చేసరికి పైడమ్మ అరుగు మీదే నిలబడి ఉంది. "పిల్లకి ఇక్కడే కదయ్యా ఉయ్యాల కట్టాం" అంది. అయినా ఆమే కిందికి దిగి, మట్టి మోయడానికి తట్ట తెచ్చింది. పొద్దు వాలేలోగా అరుగు నేలమట్టమైంది. అది చూసి గవరమ్మ కూడా తన అరుగు తీయించింది. మిగిలినవాళ్ళు తమ అరుగుల మీద కూర్చుని వేడుక చూశారు.

నాలుగో నాడు తెల్లవారుతూనే పడమటి గాలి లేచింది. చావడిలో మూడు కుండలు పెట్టారు. మొదటి పిక్క ఇంకా పడలేదు, వీధి ఆ చివర పొగ కనిపించింది.

నూకయ్య బండి తోలాడు. తన ఇల్లు దాటాడు. అరుగులు గీసుకుంటూ గవరమ్మ ఇల్లు దాటాడు. మంట ఇంకా పదిళ్ళ అవతల ఉందనగా చక్రం మళ్ళీ ఇరుక్కుంది. ఈసారి వల్లభయ్య అరుగుకి.

వల్లభయ్య మంట వైపు చూశాడు. ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకుతోంది. అతని పిల్లలు గుమ్మంలో ఏడుస్తున్నారు.

"పగలగొట్టండి" అన్నాడు. గునపం అందుకుని మొదటి పోటు పొడిచింది దళవాయి వీరప్ప. అరుగు కూలింది, చక్రం కదిలింది, నీళ్ళు చేరాయి. మూడిళ్ళు కాలాయి. ఊరు మిగిలింది.

మసి చేతులతోనే అందరూ చావడికి తిరిగొచ్చారు. పిక్కలు వేశారు. నూకయ్య కుండ నిండి కింద కూడా పడ్డాయి. ఆ పిక్కల్లో ఒకటి వల్లభయ్యది.

నూకయ్య నవ్వలేదు. గెలిచాక అతని దడ ఇంకా పెరిగింది. కాలిన మూడిళ్ళ వైపే చూస్తూ, "ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే" అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు చెప్పు పెద్దయ్యా, తరవాత ఎవరి అరుగు?" అని గవరమ్మ అడిగింది. జనం అప్పటికే గునపాలు తెచ్చుకున్నారు.

తొలకరి నాటికి ఆ వీధిలో రెండు బండ్లు పక్కపక్కన వెళ్ళాయి.

కాబట్టి పిల్లలూ, ఊరికి చేదైన మాట ముందే చెప్పి, ఆ పని తన గుమ్మం నుంచే మొదలుపెట్టేవాడే పెద్దరికానికి తగినవాడు.