నో గ్రోత్

మాణిక్యమ్మగారు ఏ ఇంగ్లీషు మాటకీ ఉత్తినే అర్థం చెప్పేవారు కాదు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాక, ఊళ్లో పెద్దాసుపత్రికి ఎదురుగా ఉన్న తన ఇంటి అరుగు మీద మధ్యాహ్నాలు ఆడవాళ్లకి ఇంగ్లీషు నేర్పేవారు. "ఎవరి గురించి అన్నారో చెప్పు, అప్పుడు చెబుతా అర్థం" అనేవారు. ఈ పద్ధతి అక్కడ నేర్చుకునే వనజాక్షికి నచ్చేది కాదు. ఆమె డిక్షనరీని దిండు కింద పెట్టుకుని పడుకునే రకం. అదే అరుగు మీద చదువుకున్న నేనూ ఒకప్పుడు ఆ రకమే. ఆ పొగరు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒకరోజు వనజాక్షి అడిగింది: "గ్రోత్ అంటే ఎదుగుదల, పెరుగుదల, అభివృద్ధి. మూడూ మంచివే కదా టీచరుగారూ, మంచి మాట అని రాసేసుకోనా?"

"ఉండు, వస్తా" అని మాణిక్యమ్మగారు మంచినీళ్లకని లోపలికి వెళ్లారు.

అప్పుడే వెనక వీధి పోలమ్మ వచ్చింది. ఇరవై ఆరు రోజుల కొడుకు జ్వరంతో ఎదురాసుపత్రిలో ఉన్నాడు. వాడి నెత్తురు పరీక్ష కాయితం చేతిలో పెట్టి, డాక్టరుగారు సాయంత్రం వచ్చి చెబుతారు పొమ్మన్నారట. సాయంత్రం ఎంత దూరమో కాయితం ఇచ్చినవాడికేం తెలుసు!

"ఏటి రాసినారమ్మా? నర్సమ్మగారు నేరేటి?"

"ఆవిడెందుకు, నేను లేనూ?" అని వనజాక్షి కాయితం లాక్కుంది. చదివింది. గొంతు తగ్గించింది. "నో గ్రోత్. ఎదుగుదల లేదని రాశారు పోలమ్మా."

పోలమ్మ అరుగు మీద కూలబడి, పాలు చేపి తడిసిన రవికెను రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"ఇంక ఎదగడా? పొద్దున్న నా ఏలు పట్టుకున్నాడమ్మా... గట్టిగానే పట్టుకున్నాడే."

వనజాక్షి డిక్షనరీ తిరగేస్తూ నిలబడింది, నాలుగో అర్థం ఉందేమోనని.

మాణిక్యమ్మగారు చెంబుతో వచ్చి, కాయితం చూసి, పోలమ్మ పక్కనే కూర్చున్నారు.

"ఒసే, ఇది నీ కొడుకు సంగతి కాదు. వాడి నెత్తురు సీసాలో పోసి రెండు రోజులు చూశారు, జబ్బు పురుగులు పెరుగుతాయేమోనని. పెరగలేదు."

"ఎదుగుదల లేంది పురుగులకా?"

"పురుగులకే. జ్వరం ఎందుకన్నది డాక్టరు చూస్తాడు. నెత్తుట్లో మాత్రం ఏమీ మొలవలేదు."

పోలమ్మ కాయితం వెనక్కి తీసుకుంది. "సచ్చినోళ్లు, ఆ ముక్కేదో తెలుగులో ఏడవొచ్చు గదా!" అని కళ్లు తుడుచుకుని, వనజాక్షి వంక చూడకుండా రోడ్డు దాటి పరిగెత్తింది.

వనజాక్షి పుస్తకం తెరిచి కలం తీసింది. "టీచరుగారూ, ఇప్పుడు గ్రోత్ పక్కన ఏం రాసుకోను?"

మాణిక్యమ్మగారు చెంబు ఆమె చేతికిచ్చారు.

"'ఎవరిది?' అని రాసుకో. మిగతా జాగా ఖాళీగా ఉండనీ."