రెండుసార్లు మునిగిన పోలయ్య

నతానియేలు అయ్యగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకునేవారు. పన్నెండువేల మంది విశ్వాసులున్న బాప్టిస్టు సంఘాన్ని ఎందుకు వదులుకున్నారని శిష్యుడు జ్ఞానప్రకాశం అడిగిన రోజూ అదే చేశారు.

"వర్గాల గొడవలతో విసిగిపోయారని అందరూ అంటారండీ," అన్నాడు శిష్యుడు.

అయ్యగారు చాలాసేపు సంఘం రేకుల షెడ్డులో నడిచిన రోజుల గురించే చెప్పారు. అప్పట్లో సంఘమంటే నలభై మంది. బాప్తిస్మాలు కొమ్మమూరు కాలువలో. నీళ్లంటే ఎవరికి భయమో ఆయనకు తెలుసు. వాళ్ల చెయ్యి ముందే పట్టుకునేవారు. గట్టు మీద ఆడవాళ్లు పొడిబట్టలతో నిలబడి పాడుతుంటే పడవవాళ్లు గెడవేయడం మానేసి వినేవారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు మెత్తబడింది.

షెడ్డు పోయి పెద్ద మందిరం లేచింది. లోపలే పాలరాతి తొట్టి కట్టారు. ఒక ఆదివారం ఆ తొట్టిలో మూడువందల మందికి పైగా బాప్తిస్మం ఇచ్చారు అయ్యగారు. దిగడం, మునగడం, ఎక్కడం. వారం తిరక్కుండా సంఘంలోని అవతలి వర్గం కరపత్రం వేసింది: సంఖ్య పెంచుకోవడానికి పోలయ్య అనే మిల్లు హమాలీని రెండుసార్లు ముంచారని.

సంఘ పెద్దలైన డీకన్లు పోలయ్యను పిలిపించారు. "అదేం లేదని ఒక్కమాట చెప్పు, చాలు," అన్నాడు పెద్ద డీకను.

పోలయ్య తలగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "నిజమేనయ్యా. తడిబట్టలతోనే మళ్లీ వరసలో నిలబడ్డాను."

"ఎందుకు?" అని అడిగారు అయ్యగారు.

"మొదటిసారి మీరు నా పేరడగలేదండి. నాకు చెల్లలేదేమో అనుకున్నాను. రెండోసారీ అడగలేదు."

అయ్యగారు ఆ ముఖాన్ని ఎంతసేపు చూసినా తొట్టిలో చూసినట్టు గుర్తురాలేదు. రెండుసార్లూ ఆ తల ఆయన అరచేతికే ఆనింది.

కరపత్రానికి ఆయన జవాబు రాయలేదు. మరుసటి ఆదివారం జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పి, ప్రసంగవేదిక దిగిపోయారు. మళ్లీ ఎక్కలేదు.

"మరి పోలయ్యకు మూడోసారి ఇచ్చారా అయ్యగారూ?" అన్నాడు శిష్యుడు.

"లేదు. వాళ్లింటికి వెళ్లి, తెలిసిన పేరే అయినా అడిగాను. చెప్పి, టీ పోశాడు," అన్నారు అయ్యగారు. "అలా ఇంటింటికీ వెళ్లి పేర్లు అడగబట్టి ఆరేళ్లయింది. ఇంకా చాలా ఇళ్లున్నాయి నాయనా."