మనవాళ్లే అన్న చిప్పు

అనగనగా, యంత్రాలకు కూడా నోరున్న రోజుల్లో, తామ్రగిరి అనే రాజ్యంలో నాంచారమ్మ ఉండేది. తెర మీద ఆటలాడించే పాత ఆటపెట్టెలు బాగుచేయడం ఆమె పని.

ఒకనాడు రాణి సౌగంధిని ఆమెను కోటకు పిలిపించింది. రాణి పుట్టిల్లు సముద్రానికి అవతల. అక్కడ ఆమె తమ్ముడు ఒక ఆట తయారుచేసి, అందులో తన గొంతు దాచి, డిస్కు పంపాడు. అది చేరేసరికి ఆ తమ్ముడు ఈ లోకంలో లేడు.

ఇక్కడి ఆటపెట్టె ఆ డిస్కును లోనికి రానివ్వడం లేదు. పెట్టెలో ఓ కాపలావాడున్నాడు. డిస్కు పెట్టగానే "ఎవరది?" అంటాడు. ఈ రాజ్యపు డిస్కులైతే "మనవాళ్లే" అంటాయి. పరాయి డిస్కుకు ఆ మాట రాదు.

నాంచారమ్మ చింతగింజంత చిప్పు చేసి, ఆ మాట నేర్పి, నాలుగు తీగలతో పెట్టెలో అతికించింది. కాపలావాడు అడగగానే చిప్పు, అది అబద్ధమేమోనని జంకి, నీళ్లు నమిలింది. డిస్కు బయటికొచ్చి పడింది.

ఈసారి ఆపకుండా చెప్పమంది నాంచారమ్మ. "మనవాళ్లే, మనవాళ్లే, మనవాళ్లే" అంది చిప్పు. తలుపు తెరుచుకుంది. తెర మీద తమ్ముడి ముఖం కనిపించింది. అతడు నోరు తెరిచాడో లేదో, తెర నల్లబడిపోయింది.

"లోపలికొచ్చాక కూడా అదే మాటా? నిజంగా మనవాళ్లయితే ఇన్నిసార్లు చెప్పుకుంటారా? మళ్లీ ఇలా జరిగితే ఈ తలుపు ఇక తెరవను" అన్నాడు కాపలావాడు.

తప్పు ఎక్కడుందో నాంచారమ్మకు అర్థమైంది. చిప్పుకు మాట్లాడటం నేర్పింది గానీ ఊరుకోవడం నేర్పలేదు. పక్కనే ఉన్న రాజు చిప్పు పీకెయ్యమన్నాడు. రాణి మాత్రం ఇంకొక్కసారి చూడమని బతిమాలింది.

నాంచారమ్మ చిప్పును దగ్గరికి తీసుకుంది. "అబద్ధమాడమనడం లేదమ్మా. వచ్చేది మన రాజుగారి బావమరిది, మనవాడే కదా. ఒక్కసారి చెప్పి ఊరుకో."

"ఎవరది?"

"మనవాళ్లే."

తలుపు తెరుచుకుంది. కాపలావాడు చెవి ఒగ్గి విన్నాడు. చిప్పు కిమ్మనలేదు.

తెర మీద తమ్ముడు నవ్వాడు. "అక్కా, చిన్నప్పుడు ప్రతి ఆటలోనూ నేను కావాలనే ఓడిపోయాను. ఈసారి మాత్రం కాచుకో."

ఇన్నేళ్లూ తానే గెలిచాననుకున్న రాణి తెర ముందు కూర్చుంది. ఆపైన నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు.

కాబట్టి పిల్లలూ, నిజాన్ని అడిగినప్పుడు ఒక్కసారి చెబితే చాలు. అదేపనిగా చెబితే నిజం మీద కూడా అనుమానం పుడుతుంది.