తులం గిన్నె

రాజుగారు మంచాన పడ్డారు. ఆస్థాన వైద్యుడు భైరవశాస్త్రి తులం మందు పోయాలన్నాడు. తులం దాటితే ప్రాణం దక్కని మందు అది. తులం నీళ్లు పట్టే వెండిగిన్నె నిండా, తేనెలా చిక్కగా ఉన్న ఆ మందు పోశాడు. దీపాలకు నూనె తెచ్చిన గానుగ పేరంటాలు అది చూసి అడ్డుపడింది.

"అయ్యా, తేనెలాంటి మందు నీళ్లకంటే బరువు. అది తులం దాటింది."

"ఈ గిన్నెలో ఏది పోసినా తులమే, పో."

"అయితే గిన్నెడు నూనె తీసుకుని గిన్నెడు పాదరసం ఇప్పించండి. తులానికి తులం."

"పాదరసం ఎంత బరువో తెలుసా నీకు..." అంటూనే శాస్త్రి గిన్నె కింద పెట్టేశాడు.

రాజు త్రాసు తెప్పించాడు. మందు తులంపావు తూగింది.

"ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదా?" అన్నాడు రాజు నీరసంగా.

"పోయిన నెల మా ఇంటాయనకు ఇదే గిన్నెతో ఇదే మందు పోసినప్పుడు చెప్పాను దొరా. అప్పుడు త్రాసు ఎవరూ తెమ్మనలేదు."