రెండు నిమిషాల చీకటి

ఓతకర్ బెంగంతా ఒక్కటే. పోలీసులు వచ్చేలోగా ఫిల్ము కడగడం పూర్తి కావాలి.

ప్రాగ్ నగరంలోకి పరాయి ట్యాంకులు వచ్చి అది మూడో రోజు. పొద్దున వంతెన దగ్గర జనం ట్యాంకుకు అడ్డం నిలబడితే, ఓతకర్ దీపస్తంభం ఎక్కి ఫోటోలు తీశాడు. దిగుతూ, తనని ఎరిగిన ఒక పోలీసు కంటపడ్డాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గురువు విలేమ్ స్టూడియోకి పరుగెత్తుకొచ్చాడు.

విలేమ్ మహా నిదానస్తుడు. ఆయన ఒక ఫోటో తీసేలోగా కొత్త చర్చి కట్టేయొచ్చని ఊళ్లో ఎగతాళి. శిష్యుణ్ణి చూసి మారుమాట లేకుండా చీకటిగదిలో తను కడుగుతున్న గాజు ఫోటో ప్లేటు పక్కన చోటిచ్చాడు. ఫిల్ము మందు పళ్లెంలో పడింది.

"ఇలాంటి ఫోటో మళ్లీ జన్మలో దొరకదు గురువుగారూ! ఒక పిల్ల ట్యాంకెక్కి, సైనికుడికి వేలు చూపించి నిలదీసింది. బయటి దేశాల పేపర్లన్నీ నా పేరు వేస్తాయి."

"మొహాలు తెలుస్తాయా?"

"ఒక్కొక్కళ్లనీ పేరుపెట్టి పిలవొచ్చు!"

విలేమ్ తన పళ్లెం మెల్లగా ఊపుతూనే ఉన్నాడు.

కింద తలుపు బాదారు. తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆ గదికి వేరే దారి లేదు.

"ఇంకో రెండు నిమిషాలు! బొమ్మని నిలిపే హైపో మందులో వేసేదాకా వెలుతురు తగిలితే అంతా నలుపే. ఎలాగైనా వాళ్లని ఆపండి!"

"ఆపుతాను. తర్వాత ఆ ఫిల్ము ఎవరి చేతికి పోతుంది?"

బూట్లు రెండో అంతస్తు దాటాయి.

చీకట్లో విలేమ్ చెయ్యి గోడ తడిమింది. టక్కున దీపం వెలిగింది.

"అయ్యో!" అని ఓతకర్ గావుకేక పెట్టాడు. ఫిల్ము కళ్లముందే నల్లబడుతోంది. పక్క పళ్లెంలో విలేమ్ గాజు ప్లేటు కూడా. పాత చర్చి కిటికీలోంచి ఏడాదికి నాలుగు రోజులే పడే ఎండ కోసం మూడేళ్లు పడిగాపులు కాసి, మొన్ననే తీసిన ఫోటో అది.

పోలీసులు దూసుకొచ్చారు. ఒకడు ఫిల్ముని దీపానికెత్తి చూశాడు.

"ఏమిటిది?"

"చెడిపోయిందండీ. మావాడికి పని ఇంకా రాలేదు," అన్నాడు విలేమ్.

ఓతకర్ తల దించుకున్నాడు. వాళ్లు పెట్టెలన్నీ కుమ్మరించి, తిట్టుకుంటూ వెళ్లిపోయారు. అప్పుడు గాని అతను ఊపిరి పీల్చుకోలేదు.

"నాది సరే. మీ ప్లేటు కూడా పోయింది కదా గురువుగారూ!"

విలేమ్ పళ్లేలు కడిగి బోర్లించాడు.

"కిటికీ వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది," అన్నాడు. "ఆ పిల్ల కూడా ఉండాలిగా."